మన పాత జీపు కూడా ప్రదర్శనకు పోవాల్సిందే

ఈ పోస్టు కొంచెం పెద్దది. పనులన్నీ అయినాక సాయంత్రం తీరిగ్గా చదువుకోండి.

మా నాయన కొన్న జీపును మొన్న చలికాలంలో ఒక ఆదివారం బెంగుళూరులో పాత కార్ల ప్రదర్శనకు తోలుకపోయినాను. ఫోటోలు చూసినాక ఊర్లో మూడు రకాల మాటలు వచ్చినాయి. "ఈ వయసులో నీకీ షోకులేందన్నా" అని ఒకరు. "ఆ డీజిలు డబ్బులకు మూడు మూటల డీఏపీ వచ్చేది కదా" అని ఇంకొకరు. "అది ఉన్నోళ్ల పండగ, అక్కడ మనకేం పని" అని మూడో మాట. మొదటి మాటకు నవ్వి ఊరుకున్నా. రెండో మాటలో లెక్క ఉండాది, దానికి కింద జవాబు చెప్తా. మూడో మాట మాత్రం నాకు మనసుకు పట్టింది. మన బండికి అక్కడ పని ఉండాది. ఇంకా చెప్పాలంటే, మన బండి పోకుంటే ఆ ప్రదర్శనలో సగం చరిత్ర లేనట్టే. ఇదీ నా అభిప్రాయం. ఎందుకో చెప్తా.

ముందు, ఈ ప్రదర్శన అంటే ఏందో తెలియనోళ్లకు రెండు ముక్కలు. మన తిరునాళ్లలో బండలాగుడు ఎట్లా జరుగుతుందో తెలుసు కదా. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగేసి, గజ్జెలు కట్టి తోలుకపోతాం. పండ్లను బట్టి విభాగాలు: పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, సీనియర్లు. ఎవరి ఎద్దులు, ఏ ఊరివి, ఏం మేపినారు అని జనం చుట్టూ చేరి అడుగుతారు. పాత కార్ల ప్రదర్శన కూడా అదే మాదిరి. ఎద్దుకు పండ్లు చూసినట్టు బండికి పుట్టిన సంవత్సరం చూస్తారు. ఇంగ్లాండు వాళ్ల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవి వింటేజ్. అంతకుముందువాటికి వేరే పేర్లు. తర్వాత కాలం బండ్లలో బాగా పేరున్నవాటిని క్లాసిక్ అంటారు. బండలాగుడులో బలం చూస్తారు, ఇక్కడ ఆ బండిని ఎట్లా కాపాడుకున్నావనేది చూస్తారు. తేడా అంతే.

మన దేశంలో ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక వాళ్ల వింటేజ్ కార్ల ర్యాలీ 1964లో మొదలైంది. మన తెలుగు నేల మీద పాత కారు అంటే అందరూ చెప్పేది హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు పచ్చ రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు ఇచ్చిన బండి అది. ఆయన 1911లోనే పోయినాడు, బండి 1912 నాటిది. చూడదగ్గదే, నేను కాదనను. అయితే ఆ బండి ఎవరి పంటను మోసింది? ఎవరిని ఆస్పత్రికి చేర్చింది? దాని కథ రాజుగారి వైభవం దగ్గరే ఆగిపోతుంది. మన జీపు కథ అక్కడి నుంచి మొదలవుతుంది.

జీపు పుట్టుక చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన బండి. యుద్ధం అయిపోయినాక విల్లీస్ కంపెనీ అదే బండిని రైతు బండి అని చెప్పి అమ్మింది. పొలం దున్నుతుంది, నూర్పిడి యంత్రం తిప్పుతుంది, సంతకు పోతుంది అని ప్రచారం చేసింది. మన దేశానికి 1947లో మహీంద్రా వాళ్లు విడిభాగాలుగా తెప్పించినారు. 1949లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టినారు. అంటే దీని రక్తంలోనే సేద్యం ఉండాది. రాజుల కార్ల పక్కన నిలబడేదానికి ఇది సిగ్గుపడాల్సిన పని లేదు.

మన జిల్లాలో అది చేసిన పని మీకు నేను చెప్పాలా? జమ్మలమడుగు పక్క నల్లరేగడిలో వాన పడితే మనిషి కాలు తీసి కాలు వేయలేడు. ఆ బురదలో ముందు చక్రాలకు కూడా గేరు వేసుకుని పోయే బండి అప్పట్లో ఇదొక్కటే. మా జీపు మా నాయన మిలిటరీ వేలంలో వచ్చిన బండిని ఇంకొకరి దగ్గర కొన్నది. దాంట్లో శనగ మూటలు పోయినాయి, పత్తి బోరేలు పోయినాయి, పెండ్లికొడుకు పోయినాడు, పాము కరిచినోళ్లు పోయినారు. మా చెల్లెలు కాన్పుకు ప్రొద్దుటూరు పోయింది కూడా దాంట్లోనే. పులివెందుల పక్క మా బంధువుల ఊర్లో చీనీ తోటలకు బోరు మోటార్లు, పైపులు మోసింది మా జీపు లాంటి ఇంకో జీపు. ఇట్లాంటి కథ లేని పాత జీపు మన మూడు తాలూకాల్లో ఒక్కటి కూడా దొరకదు.

కానీ బయటి లోకానికి కడప జీపు అంటే ఏం గుర్తొస్తుంది? సినిమా. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఆ వరసలో ఇంకా ఎన్నో. బండ్లు గాలిలోకి ఎగిరేది, బాంబులు, కత్తులు. పాతికేండ్లుగా మన బండిని అట్లనే చూపించినారు. కక్షలు మన నేల మీద లేవని నేను అనడం లేదు. ఆ కాలంలో ఎన్ని ఇండ్లు చీకటైనాయో మనకు తెలుసు. కానీ ఆ బండ్లలో నూటికి తొంభై తొమ్మిది మూటలు మోసినాయి, మనుషులను మోసినాయి. ఆ కథ చెప్పేవాడు లేడు కాబట్టి సినిమావాడు చెప్పిందే నిలబడింది. బెంగుళూరులో మా జీపు ముందు నిలబడిన ఒక కుర్రాడు మా ఊరు అడిగి, కడప అనగానే, "అంకుల్, దీంట్లో బాంబులు పెట్టుకుని పోయేవాళ్లా?" అన్నాడు. కోపం రాలేదు. "లేదు నాయనా, దీంట్లో శనగ మూటలు వేసుకుని పోయేవాళ్లం" అని చెప్పి, పదిహేను మూటల బరువుకు వంగిపోయిన వెనక పట్టీలు చూపించినా. ఆ పిల్లోడు కింద కూర్చుని చూసినాడు. ఫోటో కూడా తీసుకున్నాడు. ఈ ఒక్క పని కోసమైనా మన బండ్లు పోవాలంటాను నేను.

ఇప్పుడు అక్కడ నాకు నచ్చని సంగతి. బండ్లను పరీక్ష చేసేవాళ్లు బానెట్టు ఎత్తి చూసి, "ఇంజను ఒరిజినల్ కాదు, బహుమతి విభాగంలోకి రాదు, ఊరికే ప్రదర్శనకు పెట్టుకోండి" అన్నారు. వాళ్ల రూలు ప్రకారం అది నిజమే. మా జీపుకు మొదట ఉన్నది పెట్రోలు ఇంజను. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక 1980లలో మా నాయన ప్రొద్దుటూరులో ఒక షెడ్డులో డీజిలు ఇంజను దించినాడు. మీ ఊర్లో పాత జీపు ఉంటే నూటికి తొంభై దాని కథ కూడా ఇంతే.

నేను అడిగేది ఏమంటే, ఆ మార్పు బండి చరిత్రలో భాగం కాదా? రాజుగారి కారు ఒరిజినల్‌గా మిగిలింది ఎందుకు? దానికి పని లేదు కాబట్టి. మన బండి మారింది ఎందుకు? పనిచేసింది కాబట్టి. మడకకు కర్రు అరిగితే కొత్త కర్రు వేస్తాం, మేడి విరిగితే కొత్త మేడి పెడతాం. అది వేరే మడక అని ఎవరైనా అంటారా? ప్రొద్దుటూరును బంగారం వ్యాపారం వల్ల రెండో బొంబాయి అంటారు కానీ, అక్కడి మెకానిక్కుల చేతి పని కూడా బంగారమే. పుస్తకం చూడకుండా, డ్రాయింగు లేకుండా, ఒక కంపెనీ గేరుబాక్సుకు ఇంకో కంపెనీ ఇంజను కలిపే ప్లేటు లేతు మీద తిప్పించి బిగించినారు. ఆ ప్లేటు మా జీపులో ఈ రోజుకూ ఉండాది. ఆ పనికి ఒక బహుమతి పెట్టాలని నేను నిర్వాహకులకు కూడా చెప్పి వచ్చినా. "పనిచేసిన బండ్లు" అని ఒక విభాగం పెడితే సరిపోతుంది. ఒరిజినల్ బండ్ల విలువ ఏమీ తగ్గదు.

ఇంక చట్టం సంగతి. దీంట్లో మనవాళ్లు మోసపోయే అవకాశం ఉండాది, కాబట్టి జాగ్రత్తగా చదవండి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటిన టూవీలర్లు, సొంతానికి వాడే కార్లు, జీపులకు ఇది వర్తిస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కొత్తగా రిజిస్టరు చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ చేయించుకునేదానికి 5,000. కొత్త నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. ముందే రిజిస్టరు అయిన బండి అయితే పాత నంబరు ఉంచుకోవచ్చు.

వినేదానికి బాగానే ఉండాది. కానీ అసలు మెలిక ఇక్కడ ఉండాది. వింటేజ్ కింద రాయించుకున్న బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి పోయి రావచ్చు, రిపేరుకు, డీజిలుకు పోవచ్చు. అంతే. చేనికి పోయేదానికి, మందు మూటలు తెచ్చుకునేదానికి పనికిరాదు. కాబట్టి పనిచేసే జీపును ఎవరో చెప్పినారని వింటేజ్ కింద రాయించవద్దు. మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే దాన్నే ఐదేండ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిన్యువల్ చేయించుకోండి. మామూలు కాగితాలతోనే ప్రదర్శనకు పోవచ్చు, నేను అట్లనే పోయినాను. ఖర్చు మాత్రం పెరిగింది. 2025 ఆగస్టు నుంచి 20 ఏండ్లు దాటిన కారు, జీపు రిన్యువల్ ఫీజు 10,000 చేసినారు. హరిత పన్ను, ఇన్సూరెన్సు వేరే. అంత కట్టలేమని కాగితాలు వదిలేస్తే మాత్రం బండి ఇనుము అయిపోతుంది. కాగితం లేని బండికి దళారి చెప్పిందే ధర.

దళారుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. ఈ నడుమ ఊర్లలోకి వచ్చి, "పాత జీపు ఉందా, పాత అంబాసిడర్ ఉందా, పాత బుల్లెట్ ఉందా" అని అడిగేవాళ్లు ఎక్కువైనారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అలాంటి బండ్లు మళ్లీ పుట్టవు, కాబట్టి వాళ్లకు కావాలి. మన దగ్గర తూకం లెక్కన కొనుక్కుపోయి, రంగేసి, పట్నంలో ఎన్నో రెట్లకు అమ్ముకుంటారు. అమ్ముకోవద్దని నేను అనను. ఎవరి అవసరం వాళ్లది, ఆడపిల్ల పెండ్లి ఉంటుంది, బ్యాంకు అప్పు ఉంటుంది. కానీ అమ్మేముందు ఒక్కసారి ఏదో ఒక ప్రదర్శనకు పోయి చూడండి. మీ బండి లాంటిది అక్కడ ఎంత పలుకుతుందో, ఎవరు నిజంగా ఇష్టంతో కొంటారో కళ్లారా తెలుస్తుంది. నేను పోయినప్పుడు ఇద్దరు వచ్చి ధర అడిగినారు. మా ఊర్లో దళారి చెప్పినదానికి నాలుగు రెట్లు. నేను ఇయ్యలేదు, అది వేరే సంగతి. మొదట్లో రెండో మాట అన్న అన్నకు ఇదే నా జవాబు. రానుపోను డీజిలుకు ఐదు వేలు అయింది నిజమే. నా బండి విలువ నాకు తెలిసింది. శనగ ధర తెలుసుకోకుండా మార్కెట్టుకు మూటలు తోలుకపోతామా?

పోవాలనుకున్నోళ్లకు ఒక మాట. రంగు వేయించొద్దు. ప్రదర్శన అనగానే మనవాళ్లు చేసే మొదటి పని ధగధగలాడే రంగు, కొత్త సీట్లు, ముందర పెద్ద లైట్లు. ఎద్దు వీపు మీద కాడి మచ్చ ఉంటే అది పనిచేసిన ఎద్దు అని తెలుస్తుంది. దాన్ని ఎవరైనా రంగు పూసి దాస్తారా? జీపు తలుపు మీద మీ నాయన రాయించిన పేరు, బంపరు మీద సొట్ట, సీటు కింద పాత గోనెసంచి, అవన్నీ ఉండనీయండి. తుప్పు పట్టకుండా చూసుకోండి, బ్రేకులు, స్టీరింగు, టైర్లు బాగుచేయించండి. దూరం పోయేది కాబట్టి రేడియేటరు గొట్టాలు, ఫ్యాను బెల్టు కొత్తవి వేసుకోండి. ఒక అట్ట మీద మీ బండి కథ పది వరసల్లో తెలుగులో రాసి ముందు అద్దానికి పెట్టండి. ఎప్పుడు కొన్నారు, ఎవరు తోలినారు, ఏం మోసింది. నేను ఆ అట్ట పెట్టినాను. మా జీపు దగ్గర నిలబడిన జనం పక్కనున్న మెరిసే కార్ల దగ్గర నిలబడినోళ్లకు తక్కువేం లేరు.

ఇంతవరకు జీపు గురించి చెప్పినా. ట్రాక్టరు గురించి చెప్పకుంటే రైతునే కాదు. పైన చెప్పిన 2021 వింటేజ్ నిబంధనల్లో ట్రాక్టరుకు చోటు లేదు. స్కూటరుకు చరిత్ర ఉందంట, కారుకు చరిత్ర ఉందంట, ఈ దేశానికి తిండి పెట్టిన ట్రాక్టరుకు లేదంట! 1959లో ఫరీదాబాదులో ఐషర్ వాళ్లు మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరును తెచ్చినారు. 1971లో పింజోరులో హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు మొదలైనాయి. 1974లో స్వరాజ్ 724 వచ్చింది. దుర్గాపూర్ పరిశోధన సంస్థలో మన ఇంజనీర్లు గీసిన డిజైను అది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు ఆ ట్రాక్టరు కనపడితే దండం పెట్టాలనిపిస్తుంది. వీటికి కూడా వింటేజ్ గుర్తింపు ఇయ్యాలని మన రైతు సంఘాలు అడగాలి. కొత్త మొక్కజొన్న విత్తనం గురించి అడిగినంత గట్టిగా అడగాలి.

ఒక పుకారు కూడా తీర్చేస్తా. పదేండ్లు దాటిన ట్రాక్టర్లను తుక్కు చేస్తారని అప్పుడప్పుడు ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. అది అబద్ధమని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. సేద్యం ట్రాక్టరుకు మొదట 15 ఏండ్లు రిజిస్ట్రేషన్, తర్వాత ఐదేండ్లకోసారి రిన్యువల్. దానికి ఆఖరు వయసు పెట్టలేదు. ఆ భయంతో ఎవరూ పాత ట్రాక్టరును తూకానికి వేయొద్దు.

బయటి దేశాల్లో పాత ట్రాక్టరును ఎట్లా చూస్తారో ఒక్క ఉదాహరణ. అమెరికాలో అయోవా రాష్ట్రంలో మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊర్లో 1950లో ఒక సంబరం మొదలైంది. పాత నూర్పిడి యంత్రాలు, ఆవిరి ఇంజన్లు, పాత ట్రాక్టర్లు ఐదు రోజులు నడిపి చూపిస్తారు. అది మొదలుపెట్టింది మ్యూజియం వాళ్లు కాదు, సేద్యగాండ్లే. వాళ్లు కల్లంలో వాడిన యంత్రాన్ని వాళ్లే నిలబెట్టుకున్నారు.

మనమూ చేయొచ్చు. కొత్తగా మైదానం, పందిరి ఏమీ అక్కరలేదు. తిరునాళ్లలో బండలాగుడు జరిగే రోజే, పక్క చేనులో పాత జీపులు, ట్రాక్టర్లు, ఆయిలింజన్లు వరుసగా నిలబెడదాం. ఎద్దుల కోసం వచ్చే జనం వీటిని కూడా చూస్తారు. గండికోట ఉత్సవాలు జరిగినప్పుడు కోట చూసేదానికి యాడాడి నుంచో వస్తారు. పెన్న లోయ పక్కన ఇరవై పాత ట్రాక్టర్లు నిలబెట్టి, ఒక్కొక్కదాని మీద దాని కథ రాసి పెడితే, వచ్చినోళ్లకు కోట కట్టిన రాజులతో పాటు ఈ నేల దున్నినోళ్లు కూడా తెలుస్తారు. బహుమతులు ఎక్కువ వద్దు. మూడు చాలు: ఒకే ఇంట్లో ఎక్కువ కాలం ఉన్న బండికి ఒకటి, ఇప్పటికీ సేద్యం చేస్తున్న పాత ట్రాక్టరుకు ఒకటి, దాన్ని బతికించిన మెకానిక్కుకు ఒకటి. మూడోది మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ షెడ్లలో పనిచేసిన పెద్దోళ్లు ఒక్కొక్కరే పోతాండారు, వాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి పోయినారు.

దీనికి ఎదురు మాట నాకు తెలుసు. "పంటకు ధర లేదు, బోర్లలో నీళ్లు లేవు, నువ్వు బండ్ల పండగ అంటావేమప్పా" అంటారు. ధర కోసం కొట్లాడాల్సిందే, నీళ్ల కోసం కొట్లాడాల్సిందే. కానీ కరువు ఏడాదిలో కూడా ఎద్దులకు కొమ్ములు చెక్కి, రంగేసి తిరునాళ్లకు తోలుకపోయిన జాతి మనది. అది షోకు అని అప్పుడు ఎవరూ అనలేదు. తన సేద్యాన్ని తాను గౌరవించుకోని రైతును కొనేవాడు గౌరవిస్తాడా?

కాబట్టి మీ కొట్టంలో, చింతచెట్టు కింద, టార్పాలు కప్పి పెట్టిన పాత బండి ఏదైనా ఉంటే ఈ వారంలో ఆ టార్పాలు తీయండి. ఆర్.సి. పుస్తకం యాడ ఉందో వెతకండి. ఇంట్లో పెద్దోళ్లు ఉంటే ఆ బండి కథ అడిగి రాసుకోండి, వాళ్లు ఉన్నప్పుడే. ఏ సంవత్సరం, ఏ మోడలు, ఏ ఊరు అనేది ఫోటోతో పాటు కింద రాయండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు పక్కలా కలిపి పది బండ్లు తేలితే, వచ్చే తిరునాళ్లకు చేను మాట్లాడే బాధ్యత నాది.